దొర బొమ్మ హర్రాజు

“ముందుగాల నువ్వు పాడొద్దు పెద్దమ్మా. ఎదుటోణ్ని పాడనియ్యి” అన్నాడు వహీద్, రిసీవరు చెవికి ఆనించుకుని.

లీలమ్మ తలూపింది. ఊపింది గానీ విన్నట్టు లేదు.

నల్లగొండ గడియారం సెంటర్లో వహీద్‌ది ఎస్టీడీ బూతు. ఆ అద్దాల గదిలో ఒక్క మనిషికే జాగా. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు. లైనుకు అటు చివర, హైదరాబాదులో పాత సామాన్లు హర్రాజు వేసే దుకాణం. బూతు పెట్టకముందు వహీద్ పదకొండేళ్లు అక్కడే పనిచేశాడు. అందుకే అక్కడి గుమాస్తా గులాం నబీ, ఫోన్లో చెప్పిన పాటను తాను అందుకుని పాడటానికి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. లీలమ్మ పైసలు కట్టకపోతే వహీద్ కట్టాలి.

హర్రాజుకు వచ్చింది ఒక దొర బొమ్మ. కుర్చీలో దర్జాగా కూర్చున్న, గోడంత నూనెరంగుల చిత్రం. పానగల్ అవతల ఆయన కాపురమున్న గడి పాడుబడ్డాక చేతులు మారి మారి అక్కడికి చేరింది. దానికోసం దొర మనవడు అమరేందర్ రావు స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన తాతను చూసి ఎరుగడు. తాత పోయిన ఆరేళ్లకు పుట్టాడు. అయినా నోరు తెరిస్తే తాత పేరే. ఈసారి ఎలక్షన్లో నిలబడుతున్నాడు. తాత బొమ్మకు మొక్కి నామినేషన్ వేస్తానని పేపర్లో చెప్పుకున్నాడు కూడా.

లీలమ్మకూ ఆ దొర తెలుసు. అట్లా ఇట్లా కాదు. ఆమె తండ్రి కాటమయ్య గడిలో వెట్టిచాకిరి చేసేవాడు. ఎదురుపడితే తల వంచలేదని దొర అతణ్ని ఎండలో వంగోబెట్టి, వీపు మీద బండ పెట్టించాడు. మూడోనాడు కాటమయ్య పోయాడు. అప్పుడు లీలమ్మకు పదేళ్లు. ఇప్పుడు అరవై. యాభై ఏళ్లు కడుపులో నిప్పు పెట్టుకుని బతికిన మనిషి ఆమె.

బొమ్మ ఏం చేసుకుంటావని వహీద్ అడగలేదు. అడిగేదేముంది? నడిబజారులో కిరసనాయిలు పోసి తగలబెడుతుంది. పేపర్లోంచి కత్తిరించి తెచ్చుకున్న ఆ బొమ్మ ఫోటోను ఆమె బొటనవేలితో మాటిమాటికీ అదుముతుంటే, దొర గొంతు నులుముతున్నట్టే అనిపించింది వహీద్‌కు. అతనికీ మనసులో సంబరంగానే ఉంది. దొరలంటే ఎవరికి మాత్రం ప్రేమ?

“హద్దు ఎంత?” అడిగాడు.

“అరవై వేలు. ఎకరన్నర చెల్క అమ్మిన.”

“ఆ హద్దు దాటొద్దు. దాటినంక పాడేది మనిషి గాదు, రోషం. ఇంకొకటి. వాడు ఎంత పాడిండని గాదు, ఎంతసేపటికి పాడిండని చూడాలె. టక్కున పాడితే జేబు నిండుగున్నట్టు. ఆగి పాడితే అడుగంటినట్టు.”

ఈ మాట మాత్రం లీలమ్మ చెవికెక్కింది.

పాట పదిహేను వేల దగ్గర మొదలైంది. ముప్ఫై దాకా ముగ్గురు నలుగురు పాడారు. నలభై దాటాక మిగిలింది ఇద్దరే. ముందు వరసలో అమరేందర్ రావు, ఫోన్లో అక్కడెవరికీ పేరు తెలియని లీలమ్మ. లీలమ్మ అరవై అంది. అవతలి నుంచి అరవై అయిదు వచ్చింది.

“అయిపాయె పెద్దమ్మా” అంటూ వహీద్ ఫోను పెట్టబోయాడు. లీలమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

“డెబ్బై అను.”

“నీ దగ్గర అరవయ్యే గదా!”

“వాడు టక్కున పాడిండా, ఆగి పాడిండా?”

“టక్కుననే.”

“అయితే అను.”

అన్నాడు. అనక చస్తాడా? ఆ పట్టు అరవై ఏళ్ల ముసలిదాని పట్టు కాదు. ఎనభై. తొంభై. లక్ష. వహీద్ చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. అమరేందర్ రావు ఇప్పుడు ఆగిపోతే తన బూతు, ఇల్లు, పెళ్లాం మెళ్లో ఉన్నదీ అన్నీ ఊడ్చుకుపోతాయి. లక్షా యాభై. ప్రతిసారీ ఆమెది అదే ప్రశ్న. “టక్కుననేనా?”

“టక్కుననే పెద్దమ్మా. నీ కాళ్లు మొక్కుత, ఇడిసిపెట్టు.”

“రెండు లక్షలను.”

అన్నాడు. అవతల చప్పుడు లేదు. పిడుగు పడ్డట్టయింది వహీద్‌కు.

“ఒకటోసారి...” వినిపించింది దూరంగా. “రెండోసారి...”

యా అల్లా, అనుకున్నాడు. అప్పుడు గులాం నబీ గుసగుసగా అన్నాడు. “రెండు లక్షల పదివేలు. బావమరిదిని బతిమాలుకుని పాడిండు భాయ్.”

ఆ మాట చెప్పగానే లీలమ్మ చెయ్యి వదిలేసింది. “ఆగి పాడిండు. ఇగ పెట్టెయ్ బిడ్డా.”

వహీద్ ఫోను పెట్టేసి స్టూలు మీద కూలబడ్డాడు. ప్రాణం కుదుటపడ్డాక ముసలామెను చూస్తే జాలేసింది. కోపమూ వచ్చింది.

“వాని జేబుకు బొక్కపెట్టినవ్, మంచిదే. కానీ బొమ్మ వానింటికే పాయె గదా! రేపటి సంది ఇంటిల్లిపాదీ దానికి దండేసి, కొబ్బరికాయ కొట్టి, పొర్లుడు దండాలు పెడ్తరు. నీ కడుపు మండుతలేదా పెద్దమ్మా?”

లీలమ్మ పేపరు ముక్కను మడిచి రొండిన దోపుకుంది.

“పెట్టనియ్యి బిడ్డా, దొర మొఖం నిండ అమ్మవారి మచ్చలని, ఆయన బట్టలు తొడిగి నెల దినాలు ఆ బొమ్మకు కూసోబెట్టింది మా నాయిననే.”