కరిగే రబ్బరు

"కరిగిపోయేదీ ఒక రబ్బరేనా?" అంటూ మామగారు కృత్రిమ కాలు ఊడదీసి, అందులోని మెత్తటి తొడుగును కోడలి బల్ల మీదికి విసిరారు.

ఆయన టైర్ల ఫ్యాక్టరీలో తలపండిన మనిషి. అసలైన రబ్బరు ఒకసారి ఉడికిందంటే ఇక మారకూడదంటారు. కృత్రిమ కాళ్ల వర్క్‌షాపులో ఆమె వాడే సరుకేమో రబ్బరులా సాగుతుంది, చలికి బిగుసుకోదు, వేడిచేస్తే మెత్తబడి కొత్త ఆకారానికి ఒదుగుతుంది.

"బ్రష్షుల పిడికి వేసే చెత్త నా కాలికి తొడుగుతావా?"

"ఎక్కడ ఒత్తుతోంది మామయ్యగారూ?"

"ఎక్కడని చెప్పను! అంతా దండగమారి పని."

వారం వారం ఇదే తంతు. ఆమె పళ్లబిగువున కోపం ఆపుకుని, వంగి ఆయన కాలు చూసింది. ఎక్కడా ఎర్రబడలేదు, కమిలిన గుర్తు కూడా లేదు.

"లిఫ్టు పాడైంది కదా, మూడంతస్తులు ఎలా ఎక్కారు?"

"నడిచే ఎక్కాను."

"మరి నొప్పెక్కడ?"

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు.

"మావాడు, ఆ వెధవ, నీకు విడాకులిచ్చి ఇంకోదాన్ని కట్టుకున్నాడు. ఇక నీ గుమ్మం తొక్కే మొహం నాకెక్కడిది? కాలు బాగాలేదంటేనే కదా ఇక్కడికైనా రాగలను."

ఆమె, చక్కగా సరిపోయిన ఆ తొడుగును తీసుకెళ్లి ఓవెన్‌లో పెట్టింది.

"ఇంకా సరిచెయ్యాలి మామయ్యగారూ. వచ్చే వారం కూడా రండి."

"రాక చస్తానా? నీ పనితనానికి ఒక్క వారం ఏం సరిపోతుంది!"