మంచు పడిందా?

నేల మంచుకు గడ్డకట్టి నెర్రెలిచ్చిన ఉదయం చల్లితేనే క్లోవర్ గడ్డి విత్తనం మట్టిలోకి దిగుతుంది. ఆగస్టు చలి పోయేలోగా అలాంటి ఉదయం ఒక్కటి రావాలని మెల్‌బోర్న్ అవతల యూనివర్సిటీ పొలంలో హెలెనా కాచుకుని ఉంది. ఆమె పరిశోధనంతా ఆ విత్తనం మీదే; ఇప్పుడు తప్పితే చదువు ఇంకో ఏడాది సాగుతుంది.

వారం నుంచి రోజూ పొద్దున్నే, జబ్బుతో మంచాన ఉన్న అక్కకు బదులు బావ ఫోన్ చేస్తున్నాడు. ఆ వేళకు తెనాలిలో ఇంకా తెల్లవారదు.

"మంచు పడిందా, హెలెనా?"

"లేదు బావా. అక్కకెలా ఉంది?"

"నిద్రపోతోందమ్మా."

ఇవాళ హెలెనాయే చేసింది.

"పడింది బావా! ప్లాట్ మొత్తం చల్లేశా. అక్కని ఒక్కసారి లేపవా, ప్లీజ్!"



"గింజ నేలలో పడేదాకా నీకు చెప్పొద్దని మాట తీసుకుని పోయిందమ్మా మీ అక్క. ఆదివారం సమాధి చేశాం."