ఆఖరి పీపా

పీపా మీది బండరాయి పక్కకు జరిగి ఉంది. లోపల గుడ్లతో నిండిన పెద్ద చేప మాయమైంది.

షిజుయే కెవ్వుమంది. బీవా సరస్సు ఒడ్డున ఆమె నడిపే సత్రానికి జనం వచ్చేదే ఆ ఫునాజుషి కోసం. ఉప్పుచేపను అన్నంలో ఏడాదికి పైగా ఊరవేసిన సుషీ అది. వాసన వీధి చివరిదాకా కొడుతుంది. భర్త గెంజోకి ఆ కంపు పడదని, ఇదే ఆఖరి పీపా అని ఆమె ఊరంతా చెప్పేసింది.

టోక్యో నుంచి వచ్చిన అతిథి కురాతాను నిలదీసింది. "రాత్రి ముక్కు మూసుకున్నది మీరే కదా! సరస్సులో పారేశారా?"

"మూసుకున్నది మొదటి ముక్కకేనమ్మా! మీరు చెప్పినట్టు వేడన్నం మీద పెట్టి టీ పోసుకున్నాక, గిన్నె నాకేశాను. నేను పారేస్తానా?"

"అయితే నోరు తెరవండి."

తెరిచాడు. టూత్‌పేస్టు వాసన.

"ఏమండీ, మీరూ తెరవండి."

"నేనెందుకే? నాకది పడదని తెలీదూ?" అన్నాడు గెంజో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"తెరవండి!"

తెరిచాడు. షిజుయే నాలుగడుగులు వెనక్కి వేసింది. కురాతా మాత్రం ముందుకు వంగి గట్టిగా పీల్చాడు. "అబ్బ, ఎంత బాగా ఊరిందో!"

గెంజో తల వంచుకున్నాడు.

"పెళ్లైన కొత్తలో ఇది తిని మీ నాన్న ముందే వాంతి చేసుకున్నాను. ఆ తర్వాత బాగుందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఏటా ఒకటి దొంగచాటుగా తింటూనే ఉన్నానే. పీపా మాత్రం ఆపకు."