పలకని బల్లులు

అక్క కనపడకుండా పోయాక, శ్రీరాంపూర్‌లోని ఆ ఇంటికి నేను వెళ్లడం అదే మొదటిసారి. బావ తన పెంపుడు బల్లుల కోసం పడకగది గోడ పొడవునా ప్లైవుడ్ అరలు కట్టాడు. చీకటి పడ్డాక వాటిలో దీపాలు వెలిగించి చూపించాడు. గాజు పెట్టెల్లో మచ్చల బల్లులు మెల్లగా కళ్లు తెరిచాయి.

"ఈ గోడకే ఎందుకు బావా? ఇక్కడ అక్క బీరువా ఉండేదిగా."

"చెమ్మ పట్టింది ఝుమా. కొత్తగా సిమెంటు పూసి ఇవి బిగించా."

"ఇవి అరుస్తాయా?"

"నోరు విప్పవు. అందుకే తెచ్చుకున్నా."

మా బెంగాల్లో ఎవరైనా మాట అన్న వెంటనే బల్లి పలికితే, ఆ మాట నిజమని అర్థం. 'ఠిక్ ఠిక్ ఠిక్', అంటే 'నిజం నిజం నిజం' అంటూ వేలితో చెక్కను తడతాం.

"మీ అక్క మాల్దా రైలెక్కింది. నా కళ్లతో చూశా," అన్నాడు బావ.

గదిలో ఏ చప్పుడూ లేదు.

"అక్క ఈ ఇల్లు దాటలేదు," అన్నాను నెమ్మదిగా.

అరల వెనక, గోడలోంచి, టిక్ టిక్ టిక్ అని వినిపించింది.

అలవాటు కొద్దీ బావ వేలు ప్లైవుడ్ మీద మూడుసార్లు తట్టింది. "ఠిక్ ఠిక్..." అని పెదవులు కూడా కదిలాయి.

ఆ వేలిని కాసేపు చూసుకుని, నా వైపు చూడకుండానే దీపాలు ఆర్పేశాడు.