జబ్బును నిద్రలేపిన డాక్టరు

పేరు పలకకున్న ఆఖరి స్క్రూ ఊడటం లేదు.

స్క్రూడ్రైవరు పట్టుకున్న మనిషి చెమట తుడుచుకున్నాడు.

"తుప్పు పట్టిందమ్మా. జర పక్కకు జరుగుండ్రి, మీద పడ్తది."

"పడనివ్వు నాయనా," అంది విజయదుర్గ. "ఆ చప్పుడు వినడానికే వచ్చాను."

పలకమీద డాక్టర్ యాదలక్ష్మి అని ఉంది. కింద చిన్న అక్షరాలతో, గుండె లయ వ్యాధుల నిపుణురాలు అని.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌లోని ఈ ఆస్పత్రికి మెట్రోలో నిలబడే వచ్చింది విజయదుర్గ. ఎవరో సీటు ఇవ్వబోతే వద్దంది. కూర్చుంటే కోపం కూడా చతికిలపడుతుందని ఆమె భయం.

ఆమె భర్త వెంకటేశ్వరరావుకు ఉన్నట్టుండి గుండె పరుగు లంకించుకునేది. కళ్లు తిరిగి పడిపోయేవాడు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగను గుండెలోకి పంపి, తప్పుడు లయ పుట్టే చోటును కాల్చేస్తే నయమవుతుందని యాదలక్ష్మి చెప్పింది.

ఆయన నడిచి లోపలికి వెళ్లాడు. నడిచి రాలేదు.

ఆ సాయంత్రం డాక్టరే బయటికొచ్చి చెప్పింది.

"అమ్మా, గా తప్పుడు లయను నేనే లేపిన. లేపకుంటే అదెక్కడ పుడుతున్నదో తెల్వదు. కని లేచినంక ఆపలేకపోయిన."

నేనే లేపిన. విజయదుర్గ ఆ మాట ఒక్కటే పట్టుకుంది.

ఆ చేతులు ఇంకెవరి గుండెనూ తాకకూడదని భర్త పటం ముందు ప్రమాణం చేసింది. వైద్య మండలికి ఫిర్యాదుమీద ఫిర్యాదు పెట్టింది. విచారణ జరిగిన ప్రతిసారీ ముందు వరసలో కూర్చుంది.

డాక్టరు ప్రతిసారీ ఒకే జవాబు చెప్పింది.

"బాధ్యత నాదే."

ఎందుకలా జరిగిందని గుచ్చి అడిగితే తల దించుకునేది. నేరం చేసినవాళ్ల తల అలాగే ఉంటుందని విజయదుర్గ తృప్తి పడేది.

నిన్న తీర్పు వచ్చింది. యాదలక్ష్మి ఇక వైద్యం చేయకూడదు.

ఠంగుమని పలక కిందపడింది.

విజయదుర్గ కళ్లు మూసుకుని ఆ చప్పుడును ఆసాంతం విన్నది.

కళ్లు తెరిచేసరికి పక్క బల్ల దగ్గర ఏదో వాదులాట. బల్లమీద జంగయ్య, కిష్టమ్మ అనే దంపతులు. జంగయ్యకూ అదే జబ్బు, అదే వైద్యం. యాదలక్ష్మి స్థానంలో కొత్త డాక్టరు వచ్చాడు. నర్సు కోటేశ్వరమ్మ చెయ్యి చాచి నిలబడింది.

"ఆ కొంగులోది ఇటివ్వమ్మా."

"కొంగుల ఏముంటది సిస్టర్? ఏం లేదు."

"గుండె మాత్ర ఉంది. ఆయనకు వేశావా?"

"ఎయ్యలే, ఒట్టు! కని రోజూ ఏసే గోలీ బంద్ చెయ్యమంటే నా పాణం ఆగుతలేదు. జర సగం ముక్కనన్న..."

"ముక్క కూడా వద్దు. ఆ మాత్ర జబ్బును నిద్రపుచ్చుతుంది. నిద్రపోయే జబ్బు డాక్టరుకు ఎలా దొరుకుతుంది? లేపడానికి గుండెను ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా కదిలించాలి. అప్పుడది మామూలుగా లేవదు, పిచ్చెత్తి లేస్తుంది. ఇక ఆపడం ఎవరి తరమూ కాదు."

"సిస్టర్," అన్నాడు జంగయ్య. "నా గుండె సంగతి తర్వాత. ముందుగాల గీమె గుండెకు పెట్టుండ్రి ఆ తీగ."

విజయదుర్గ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆమె భర్తనూ వారం ముందు నుంచే మాత్రలు మానమన్నారు. ఆపరేషన్ రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టుకోవద్దన్నారు. కానీ తీర్థం తీసుకోవడం నీళ్లు తాగడం కిందికి రాదని ఆమె నమ్మకం. ఆ వారమంతా, ఆఖరి ఉదయం కూడా, పూజ కాగానే భర్త అరచేతిలో ఉద్ధరిణెడు తీర్థం పోసింది. అందులో, ఏనాడూ తప్పనివ్వని ఆ గుండె మాత్ర వేసింది.

"లోపల అడిగితే చెప్పకండి," అంది.

ఆయన నవ్వి, కళ్లకద్దుకుని మింగాడు.

విజయదుర్గ బల్ల అంచున చతికిలపడింది.

"సిస్టర్, ఆ రోజు మావారి దగ్గర మీరున్నారా?"

కోటేశ్వరమ్మ అప్పుడే ఆమెను గుర్తుపట్టింది. ముఖం గట్టిపడింది.

"ఉన్నాను."

"డాక్టరుకు తెలుసా?"

"ఏమిటి?"

"తీర్థం సంగతి."

నర్సు వంగి, నేలమీది పలకను తీసి, అరచేత్తో దుమ్ము తుడిచింది.

"ఎంత ప్రయత్నించినా లయ లేవకపోయేసరికి మేడం గట్టిగా అడిగారు. మెలకువగానే ఉన్న మీ సార్ చెప్పేశారు. మేడం అప్పటికప్పుడు చాలించి, తీగలు తీసేస్తున్నారు. అప్పుడు లేచింది ఆ లయ, పిచ్చెత్తి."

"మరి విచారణలో చెప్పలేదేం? ఆ ఒక్క మాట చెబితే చాలు కదా, బయటపడేది!"

"నేనూ అదే అన్నాను. ఈవిడ మిమ్మల్ని కాల్చుకు తింటోంది, చెప్పండి మేడం అని పోట్లాడాను."

"ఏమంది?"

"మాటిచ్చానన్నారు. మాటిచ్చింది ఆవిడ, నేను కాదు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను."

కోటేశ్వరమ్మ పలకను తెచ్చి విజయదుర్గ ఒళ్లో పెట్టింది.

"'మా దుర్గకు తెలియనివ్వకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు' అని సార్ ఆఖరుసారిగా అడిగితే మేడం సరేనన్నారు, మీరు విచారణకు పిలిపించిన ప్రతిసారీ ఆవిడ తల దించుకున్నది, ముందు వరసలో కూర్చున్న మీకు తన కళ్లలో ఆ నిజం కనబడకూడదని."