అటకెక్కిన బ్యాటు

ఏడేళ్లు నిండగానే పిల్లల మణికట్టు చూసి, బ్యాటింగ్ వస్తుందో రాదో యంత్రమే తేల్చేస్తున్న రోజులవి. అది ఏరిన అమ్మాయిలతోనే కట్టిన కాలేజీ జట్టు ఈసారీ ముప్పై ఒక్క పరుగులకే కుప్పకూలింది.

"సెలెక్షన్ తప్పా, మీ కోచింగ్ తప్పా మాస్టారూ? ఏదో ఒకటి తేల్చండి," అని ప్రిన్సిపాల్ ఇందుమతి నిలదీసింది.

కోచ్ సత్తిరాజుకు కూతురు భార్గవి గుర్తొచ్చింది. చిన్నప్పుడు డాబా మీద అతను వేసిన ప్రతి బంతినీ వీధి అవతలకి కొట్టేది. ఆ పిల్ల పనికిరాదని యంత్రం తేల్చిన రోజే బ్యాటు తీసి అటక మీద పడేశాడు. "ఇంకొక్క బంతి వెయ్యి నాన్నా," అని ఆ పిల్ల వారం రోజులు కాళ్లకు చుట్టుకుని ఏడ్చింది. అతను వెయ్యలేదు.

"తప్పు నాదేనండి," అన్నాడు సత్తిరాజు.

యంత్రానికి వంక పెట్టే పని తప్పిందని ఇందుమతి ఊపిరి పీల్చుకుని, 'కోచింగ్ లోపం' అని రాసుకుంది.