దురద పెట్టే మచ్చ

చిన్ను చేతులు చాచి ఏడుస్తోంది. రేణుకమ్మ దూరం నుంచే "ఓ బంగారీ" అంటోంది తప్ప మనుమరాలిని ఎత్తుకోవడం లేదు.

"ఏందే అమ్మా, పిల్ల గంతగనం ఏడుస్తుంటే జెర ఎత్తుకోరాదు?" అంది కూతురు అఖిల.

"నడుము గుంజుతుంది బిడ్డా" అని అబద్ధమాడింది రేణుకమ్మ. నడుము నిక్షేపంగా ఉంది. అసలు సంగతి చీర అంచు కింద, మడమ పైన ఉంది.

యాసంగి నాట్లప్పుడు బురదనీళ్లలో నిలబడీ నిలబడీ కాలివేళ్ల సందులు నాని పాచిపోయాయి. అది ఏటా ఉన్నదే. ఈసారి మాత్రం మడమ పైన గుండ్రంగా ఒక మచ్చ లేచింది. అంచు ఎర్రగా, నడుమ పాలిపోయి ఉంది. ఒకటే దురద. మెడికల్ షాపువాడిచ్చిన ట్యూబు రాస్తే తగ్గినట్టే తగ్గి, మళ్లీ అరచేతంత పాకింది.

పెద్దరోగమే ఇది! ఆ మాట మనసులో పడ్డాక రేణుకమ్మకు అన్నం సయించలేదు. తన చిన్నప్పుడు ఊళ్లో ఒకామెకు కుష్టు వస్తే పశువుల కొట్టంలో ఉంచారు. కంచాన్ని కట్టెతో జరిపేవాళ్లు. కన్నకొడుకు కూడా దగ్గరికి పోలేదు. నేల మీద ఆ కంచం జరిగే చప్పుడు ఇప్పుడు మళ్లీ వినిపిస్తోంది.

రేపు చిన్నును కూడా తన దగ్గరికి రానివ్వరా? చివరికి ఆగలేక మొగుడికి చూపించి బోరున ఏడ్చింది.

నర్సన్న పడీపడీ నవ్వాడు.

"గింత మచ్చకు గింత ఆగమా? మొన్న పసుపు ఉడకబెట్టే కాడ నా కాలు నిప్పుల మీద పడలే? గింత పొక్కు లేసింది. నేనేమన్న అబ్బా అన్ననా?"

నిజమే, అనలేదు. పక్కనే పసుపు ఉడకబెడుతున్న ఆత్మారాం "అన్నా, కాలు!" అని అరిస్తే, తీరిగ్గా నిప్పు దులుపుకొని మళ్లీ పనిలో పడ్డాడు. ఆయన మొండితనం గురించి జక్రాన్‌పల్లి అంతా చెప్పుకుంటోంది. అలాంటి మనిషికి పెళ్లాం దురద ఒక లెక్కా?

అయినా ఆమె ఏడుపు ఆగకపోయేసరికి నిజామాబాద్ తీసుకొచ్చాడు. దవాఖాన దాకా వచ్చి, లోపలికి మాత్రం రాలేదు.

"నువ్వు పోయిరా. రోగం లేనోనికి లోపల ఏం పని?" అని మెట్ల మీదే కూర్చున్నాడు.

డాక్టర్ వినీత మచ్చను వెలుతురులో చూసింది. వేళ్ల సందులు విడదీసి చూసింది.

"మేడం, కుష్టే గదా? దాయకుండ చెప్పుండ్రి" అంది రేణుకమ్మ.

"కళ్లు మూసుకో అమ్మా. నేను దూది ఆనించినప్పుడల్లా చెప్పు."

"ఆనింది... మళ్ల ఆనింది... చక్కిలిగిలి అయితుంది మేడం."

డాక్టర్ నవ్వింది. "ఇది తామర. వేళ్ల సందుల్లో ఉన్నది కూడా అదే జాతి. తడి ఉంటే పెరుగుతుంది. ఆ షాపు ట్యూబు పారెయ్యి, దాంతోనే ఇంకా ముదిరింది. నేను రాసే మందు, మచ్చ పోయినట్టు కనిపించినా కొన్నాళ్లు రాయాలె. కాళ్లు కడిగినంక వేళ్ల నడుమ పొడిగ తుడుచుకో. తువ్వాల ఎవ్వరికియ్యకు."

"మరి కుష్టు..."

"అది ఇట్ల దురద పెట్టదమ్మా. అది సోకిన కాడ స్పర్శ పోతుంది. గుచ్చినా, కాలినా తెల్వదు. నొప్పి లేదు గదా అని మనుషులు పట్టించుకోరు, అదే చిక్కు. అయినా దానికీ మంచి మందులున్నయ్. తొందరగ వస్తే చాలు, నయమైతది."

రేణుకమ్మ ఆమెకు రెండు చేతులెత్తి మొక్కింది. బయటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"తామరనేనట! ఇంటికి పోంగనే నా చిన్నును ఎత్తుకుంట" అంది మొగుడితో, కళ్లు తుడుచుకుంటూ.

"నేను చెప్పలే? ఉత్తగనే బస్సు కిరాయి దండుగ" అంటూ నర్సన్న లేచి ఆమె వెంట నడిచాడు.

మిట్టమధ్యాహ్నం. తారురోడ్డు పెనంలా కాలుతోంది. చెప్పుల్లోంచి కూడా సెగ తగిలి రేణుకమ్మ గబగబా అడుగులేసింది. ఇంకేం భయం లేదు. చిన్నుకు ఒక గిలక్కాయ కొనాలనిపించింది.

"ఏమయ్యా, జెర ఆగు" అంటూ నవ్వుతూ వెనక్కి తిరిగింది.

నర్సన్న ఎడమకాలి చెప్పు అంత దూరంలో దవాఖాన మెట్ల దగ్గరే పడి ఉంది, చెప్పు జారిన సంగతే తెలియని నర్సన్న మాత్రం కాలే తారు మీద ఆ ఉత్తకాలు ఆనించి నిలబడి, తాపీగా బీడీ ముట్టించుకుంటున్నాడు.